ఉప్పు రెండుగా విడిపోయే చోటు

మొదటి రోజు: న్యూపోర్ట్, ఓరెగాన్

పొద్దున్న ఆరింటికే రేవుకి చేరుకున్నాం. ఆగస్టు నెలే అయినా స్వెటర్ తియ్యబుద్ధి కాలేదు. యక్వినా బే మీద 1936లో కట్టిన పెద్ద వంతెన పొగమంచులో సగమే కనబడుతోంది. ఓడ మెట్ల దగ్గర పేర్చిన పెట్టెల్లో మావి పద్నాలుగు. టైటానియం సీసాలు, చుక్కచుక్కగా కొలిచి పోసే బ్యూరెట్లు, పీహెచ్ మీటర్లు, ముదురు గోధుమరంగు సీసాల్లో సిల్వర్ నైట్రేట్. ఆ సిల్వర్ నైట్రేట్ పెట్టెని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా నేనే మోసుకెళ్లాను.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర. తాత, నాన్న ఇద్దరూ ఉప్పు రైతులే. నాన్న దగ్గర ఉప్పునీటి చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ఉంది కానీ ముందు మడిలో వేలు ముంచి నాలుక కొసకి తాకించుకుంటారు. "ఇరవై దాటింది" అంటారు. హైడ్రోమీటర్ వేసి చూస్తే అదే. ఆ చిక్కదనం లెక్కలో సముద్రం నీళ్లు మూడున్నర డిగ్రీలు ఉంటాయి. మడి నుంచి మడికి పారించి ఎండబెడుతూ పోతే ముందు జిప్సం అడుగున పడుతుంది, ఇరవై అయిదు దగ్గర ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది. ముప్ఫై దగ్గరికి వచ్చాక మిగిలిన నీళ్లు వదిలెయ్యాలి. అవే చేదు నీళ్లు. అందులో ఉండేది మెగ్నీషియం. అది వదలకపోతే ఉప్పుకి చేదు పట్టుకుంటుంది, వానాకాలంలో బస్తాలోనే చెమ్మగిల్లి కారిపోతుంది.

అంటే నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన లెక్క ఒకటే. ఎండ నీటిని తీసుకుపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఇప్పుడు వెళ్తున్న చోట ఎండ లేదు. నీటిని కాచేది రాయి. అక్కడ ఆ లెక్క ఎలా తిరగబడుతుందో పుస్తకాల్లో చదివాను. కళ్లారా చూడాలనే ఇంత దూరం వచ్చాను.

ఓడ కదలక ముందు నాన్నకి ఫోన్ చేశాను. సముద్రం అడుగున ఒక వేడి ఊట ఉందనీ, దాని నీళ్లు సముద్రం నీళ్లకంటే పలచగా ఉంటాయనీ చెప్పాను.

"వాన పడకుండా ఉప్పునీరు పలచనెలా అవుద్దమ్మా?" అన్నారు.

మడి చూసుకునే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. వచ్చాక చెప్తానన్నాను.

రెండో రోజు: నడి సముద్రం

రాత్రంతా ఓడ అటూ ఇటూ ఊగింది. పొద్దున్న ఉప్మా లాంటిదేదో పెట్టారు, తినలేకపోయాను. అల్లం బిళ్లలు బాగా పనిచేశాయి.

మేం వెళ్లేది ఆక్సియల్ సీమౌంట్‌కి. ఓరెగాన్ తీరానికి పడమరగా దాదాపు 480 కిలోమీటర్ల దూరంలో, హువాన్ డి ఫూకా అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద ఉన్న అగ్నిపర్వతం అది. దాని శిఖరం కూడా నీటికి 1,400 మీటర్ల కిందే ఉంటుంది. నెత్తిన మూడు కిలోమీటర్ల వెడల్పు, ఎనిమిది కిలోమీటర్ల పొడవున్న గొయ్యి. 1983లో కెనడా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి వెళ్లి అక్కడ మొదటిసారి వేడి ఊటలు చూశారు. ఆ తర్వాత అది మూడుసార్లు బద్దలైంది: 1998 జనవరిలో, 2011 ఏప్రిల్‌లో, 2015 ఏప్రిల్‌లో. ఇప్పుడు తీరం నుంచి వేసిన కేబుల్ ద్వారా దాని ప్రతి కదలికా ఒడ్డున కూర్చున్నవాళ్లకి తెలుస్తూ ఉంటుంది.

మధ్యాహ్నం లైఫ్ జాకెట్ డ్రిల్ అయింది. సాయంత్రం ల్యాబ్‌లో సామాను కట్టేశాం. ఓడ మీద ఏదీ ఊరికే బల్ల మీద పెట్టడానికి లేదు, ప్రతి సీసాకీ తాడో పట్టీయో ఉండాల్సిందే. త్రాసు అసలు తేలేదు. ఊగే ఓడ మీద గ్రాములు తూచడం కుదరదు కాబట్టి అన్నీ పిపెట్‌తోనే, మిల్లీలీటర్ల లెక్కనే.

మూడో రోజు: ఆషెస్

రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు నా డ్యూటీ. ఓడ మీంచే పైలట్ నడిపే రిమోట్ వాహనాన్ని క్రేన్‌తో నీళ్లలోకి దింపారు. కంట్రోల్ గదంతా చీకటి, గోడ నిండా స్క్రీన్లు. కిందికి చేరడానికి దాదాపు గంట పట్టింది. ఆ గంటసేపూ స్క్రీన్ల మీద నీలం, తర్వాత నలుపు, మధ్యమధ్యన మిణుగురుల్లా మెరిసే జీవులు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

1,540 మీటర్ల దగ్గర నేల కనబడింది. నల్లటి గాజులాంటి లావా. కాసేపు ముందుకెళ్లాక ఆషెస్ అనే ఊటల మైదానం వచ్చింది. అక్కడ మొదట కనబడింది వర్జిన్ మౌండ్.

నేను పొగ కోసం ఎదురుచూస్తున్నాను. పొగ లేదు. తెల్లటి, పుట్ట లాంటి దిబ్బ, దాని మీద సన్నటి తెల్లటి గొట్టాలు. వాటి నోట్లోంచి నీరు బయటికొస్తోందని తెలియడానికి కాసేపు పట్టింది. మే నెలలో తారురోడ్డు మీద గాలి అల్లాడుతుందే, అచ్చం అలా అల్లాడుతోంది. రంగు లేదు. ఉష్ణోగ్రత చూపించే స్క్రీన్ మీద అంకె ఎగబాకుతూ పోయింది. ఈ ఊటని 1980ల్లో మొదట కొలిచినప్పుడు 299 డిగ్రీలు ఉంది.

ఆ తెల్లటి దిబ్బ అన్‌హైడ్రైట్. మా మడుల్లో ఉప్పు కంటే ముందు అడుగున పడే జిప్సం లోంచి నీటిని తీసేస్తే వచ్చేది అదే. మామూలుగా ఏదైనా వేడినీళ్లలో బాగా కరుగుతుంది కదా, దీనిది తిరకాసు. చల్లటి నీళ్లలో కరుగుతుంది, వేడెక్కితే విడిపడి గట్టిపడుతుంది. సముద్రం నీళ్లని 150 డిగ్రీలు దాటించి వేడిచేస్తే అందులోని కాల్షియం, సల్ఫేట్ కలిసి ఇలా తెల్లగా బయటికొస్తాయి. ఊట ఆరిపోతే ఈ దిబ్బ మెల్లగా మళ్లీ సముద్రంలోనే కరిగిపోతుంది. మా నాన్న ఒక్క చూపుతో గుర్తుపట్టే పదార్థం కిలోమీటరున్నర లోతున కనబడేసరికి నాకు గొంతు పూడుకుపోయింది.

అక్కడినుంచి కొన్ని పదుల మీటర్ల దూరంలోనే ఇన్‌ఫెర్నో అనే ఇంకో ఊట. అది వేరే లోకం. ముదురు రంగు సల్ఫైడ్ గోపురాలు, వాటి కొసల నుంచి పొగలా ఎగసే నీరు, ఒంటి నిండా ట్యూబ్ వార్మ్‌లు, అంటే గొట్టాల్లో బతికే పురుగులు. పక్కింట్లో పాలు, ఈ ఇంట్లో డికాషన్ కాచినంత తేడా. రెండిటి కిందా ఉన్నది ఒకే అగ్నిపర్వతం, రెండిటికీ పైన ఉన్నది ఒకే సముద్రం.

రెండు చోట్లా జంట సీసాల చొప్పున నీళ్లు పట్టాం. టైటానియం సీసా అంటే పెద్ద ఇంజెక్షన్ సిరంజి లాంటిది, సుమారు ముప్పావు లీటరు పడుతుంది. దాని సన్నటి ముక్కుని చిమ్నీ నోట్లోకి సరిగ్గా దూర్చి, స్ప్రింగ్ వదిలితే నీళ్లు లాక్కుంటుంది. చెప్పడానికి ఒక వాక్యం. పైలట్ చేతులు ఆ ముక్కుని దూర్చడానికి నలభై నిమిషాలు కష్టపడ్డాయి.

నాలుగో రోజు: ల్యాబ్

వాహనం పైకొచ్చింది. సీసాలు చేతికందగానే పరుగు.

వర్జిన్ సీసా మూత వదులు చెయ్యగానే గోలీ సోడా కొట్టినట్టు బుస్సుమంది. కార్బన్ డయాక్సైడ్. వెంటనే ల్యాబంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్, పీల్చడం మంచిది కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కిందికి చేరిపోయాం. ముందు గ్యాస్ కొలతలు, తర్వాత పీహెచ్. నాలుగుకి కాస్త అటూ ఇటూ, దాదాపు టమాటా పులుపు. సముద్రం నీళ్లు అలా ఉండవు, కొంచెం క్షార గుణంతో ఎనిమిది దగ్గర ఉంటాయి.

తర్వాత ఉప్పులో ఉండే క్లోరైడ్. ఇంటర్‌లో సైన్స్ చదివిన తెలుగువాళ్లకి సాల్ట్ ఎనాలిసిస్ గుర్తుండే ఉంటుంది. సిల్వర్ నైట్రేట్ చుక్క వెయ్యగానే పెరుగులాంటి తెల్లని అవక్షేపం, క్లోరైడ్ ఉన్నట్టు రాసుకునేవాళ్లం. ఇక్కడా అదే పరీక్ష, కాకపోతే ఎంత ఉందో తేలేదాకా కొలిచి పొయ్యాలి.

నేను ఉత్సాహం కొద్దీ ఒక చిన్న గొట్టంలో ఊటనీరు పోసి నేరుగా ఒక్క చుక్క సిల్వర్ నైట్రేట్ వేశాను. తెల్లగా కాదు, నల్లగా విరిగింది. మసి కలిపినట్టు.

పక్కనున్న సీనియర్ ఆవిడ ఏమీ అనలేదు, నా చేతికున్న వెండి ఉంగరం వైపు వేలు చూపించింది. పొద్దున్న తళతళలాడింది ఇప్పుడు బూడిదరంగుకి తిరిగింది. అర్థమైంది. అమ్మ వెండి పట్టీలు బీరువాలో నల్లబడేది దేనివల్లో, ఇదీ దానివల్లే. వెండికి గంధకమంటే అంత ఇష్టం. క్లోరైడ్‌ని కొలవాలంటే ముందు గంధకాన్ని వెళ్లగొట్టాలి.

మళ్లీ మొదలుపెట్టాను. నీటిలో కొంచెం యాసిడ్ కలిపి, నైట్రోజన్ బుడగలు పంపి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగాను. సోడియం బైకార్బనేట్‌తో పులుపు విరిచాను. పొటాషియం క్రోమేట్ చుక్కలు వేస్తే నీరు పసుపైంది. క్లోరైడ్ అంతా అయిపోయాక ఆ పసుపు ఎరుపుకి తిరుగుతుంది, అదే ఆపాల్సిన గుర్తు. అప్పుడు సిల్వర్ నైట్రేట్ ఉన్న బ్యూరెట్ విప్పాను. తెల్లటి పెరుగు తునకలు, ఓడ ఊగినప్పుడల్లా అవీ ఊగుతున్నాయి. ఒక చేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, నడుముని బల్లకి ఆనించి నిలబడ్డాను. పసుపు మీద ఇటుక ఎరుపు ఛాయ వచ్చి పోతోంది, వచ్చి పోతోంది, ఒక్కసారి నిలబడిపోయింది.

పోల్చడానికి ముందే మామూలు సముద్రం నీళ్లకి చూసి ఉంచాను, 20 మిల్లీలీటర్ల సిల్వర్ నైట్రేట్ పట్టింది. వర్జిన్ నీళ్లకి 7 దాటగానే ఎరుపు నిలబడింది. ఇన్‌ఫెర్నో నీళ్లకి 22 కూడా దాటింది.

1980ల్లో ఈ రెండు ఊటల్నీ కొలిచినవాళ్లు రాసిన అంకెలు నాకు కంఠతా వచ్చు. కిలో సముద్రం నీళ్లలో దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. వర్జిన్ మౌండ్‌లో 6 గ్రాములు. ఇన్‌ఫెర్నోలో 22 గ్రాములు. కాగితం మీద ఎన్నిసార్లు చదివినా, నా చేతిలోని బ్యూరెట్ అదే మాట చెప్పినప్పుడు కలిగిన ఆనందం వేరు.

నాన్న ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఒడ్డున నీళ్లు వంద డిగ్రీలకి మరుగుతాయి. కిలోమీటరున్నర లోతున పైనున్న నీటి బరువు వాతావరణం కంటే నూట యాభై రెట్లకు పైగా నొక్కుతుంది, కాబట్టి సముద్రం నీళ్లు 350 డిగ్రీల దాకా మరగవు. నేల పగుళ్లలోకి దిగిన నీరు శిలాద్రవం దగ్గరికి చేరి ఆ వేడి దాటితే, అక్కడ మరుగుతుంది. మరిగితే రెండు ముక్కలవుతుంది. ఉప్పు తక్కువగా, గ్యాసులు ఎక్కువగా ఉన్న ఆవిరి ఒకటి, ఉప్పంతా మిగుల్చుకున్న చిక్కటి నీరు ఒకటి. ఆవిరి తేలిక, పైకి వస్తూ దారిలో ఇంకొంచెం నీటిని కలుపుకుని పలచని ఊటగా బయటపడుతుంది. చిక్కటి నీరు బరువు, పగుళ్లలో అడుగున ఉండిపోయి మెల్లగా ఇంకో దారి వెతుక్కుంటుంది. వర్జిన్ మౌండ్ మొదటిది. ఇన్‌ఫెర్నోలో రెండోదాని పాలు ఎక్కువ.

ఇన్‌ఫెర్నో ఎందుకు నల్లగా ఉందో కూడా ఉప్పే చెప్తుంది. వేడి నీటిలో ఇనుము, మాంగనీస్ లాంటివి ఒంటరిగా ప్రయాణం చెయ్యవు, క్లోరైడ్ చెయ్యి పట్టుకునే కదుల్తాయి. క్లోరైడ్ తక్కువైన వర్జిన్ నీళ్లలో ఇనుము దాదాపు లేదు, ఇన్‌ఫెర్నోలో పదుల రెట్లు ఎక్కువ. ఆ ఇనుమే చల్లటి సముద్రాన్ని తాకగానే గంధకంతో కలిసి నల్లటి పొడిగా రాలి గోపురం కడుతుంది. ఉప్పంటే రుచి ఒక్కటే కాదు, మోసుకెళ్లే బండి కూడా అని నాకు ఆ రాత్రి గట్టిగా తెలిసింది.

ఐదో రోజు: గాలి

అలలు నాలుగు మీటర్లు. వాహనం దించలేదు.

భోజనాల గదిలో కూర్చుని పాత పేపర్లు చదువుకున్నాం. నాకు ఎప్పటికీ తనివి తీరనిది ఒకటుంది. తూర్పు పసిఫిక్‌లో, భూమధ్యరేఖకి ఉత్తరాన తొమ్మిది డిగ్రీల దగ్గర, 'ఎఫ్' అని పేరుపెట్టిన ఊట. 1991లో అక్కడ లావా పొంగిన కొత్తలో కారెన్ వాన్ డామ్ బృందం నీళ్లు పడితే సముద్రంలో ఉండాల్సిన క్లోరైడ్‌లో పదో వంతు కూడా లేదు. 1994లో మళ్లీ వెళ్లారు. అదే ఊట, అదే నోరు. ఈసారి క్లోరైడ్ సముద్రం కంటే ఒకటిన్నర రెట్లు. ముందు ఆవిరి పోయింది, అడుగున దాగిన చిక్కటి నీరు ఆ తర్వాత బయటికొచ్చింది. అప్పటిదాకా అలా జరుగుతుందని లెక్కలు కట్టినవాళ్లున్నారు, ఒకే ఊటలో జరుగుతుండగా చూసింది మాత్రం వాళ్లే. వాన్ డామ్ 2008లో చనిపోయారు. ఆవిడ కొలిచిన క్లోరైడ్ అంకెలు లేకుండా ఈ రంగంలో ఎవరూ ఒక్క అడుగు వెయ్యలేరు.

ఇంకా లోతుకి పోతే మరుగుడు అనే మాటకే అర్థం మారిపోతుంది. సముద్రం నీటికి 407 డిగ్రీలు, వాతావరణానికి దాదాపు మూడు వందల రెట్ల ఒత్తిడి దగ్గర ఒక గడప ఉంది. అది దాటాక బుడగలు రావు. వేడి పెరిగేకొద్దీ మొత్తం నీటిలోంచే చిక్కటి ఉప్పు తుంపరలు విడిపడతాయి, మంచు కురిసినట్టు. హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున పనిచేస్తున్న ఊటని 2024 డిసెంబర్‌లో మన భారతీయ శాస్త్రవేత్తలు ఫోటో తీశారు. ఆ లోతులో ఒత్తిడి ఈ గడపకి ఎంతో పైన. అక్కడి నీళ్ల క్లోరైడ్ నా చేత్తో కొలవాలని ఉంది.

ఆరో రోజు: రెండో దిగుడు

గాలి తగ్గింది. ఇన్‌ఫెర్నోకి మళ్లీ వెళ్లాం, ఎందుకంటే మొదటిసారి పట్టిన జంటలో ఒక సీసా మీద అనుమానం. ముక్కు కొంచెం పక్కకి జారిందేమో, చుట్టూ ఉన్న సముద్రం నీరు చొరబడిందేమో.

ఈ అనుమానాన్ని తీర్చేది మెగ్నీషియం. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది కూడా అదే. కిలో సముద్రం నీళ్లలో దాదాపు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. వేడి రాయిలోంచి నీరు పారేటప్పుడు రాయి ఆ మెగ్నీషియాన్ని మొత్తం లాగేసుకుంటుంది. మట్టి లాంటి కొత్త ఖనిజాలుగా మారుస్తూ, నీటిలోని హైడ్రాక్సైడ్‌ని కూడా పట్టుకుపోతుంది. అందుకే మిగిలిన నీరు పులుస్తుంది. ఊటలోంచి వచ్చే అసలు నీటిలో మెగ్నీషియం సున్నా అనే పట్టు మీదే లెక్కంతా. సీసాలో సముద్రంలో ఉండేదాంట్లో పదో వంతు మెగ్నీషియం కనబడితే, ఆ సీసాలో పదో వంతు మామూలు సముద్రం నీరు కలిసిందని అర్థం. మిగతా అంకెలన్నిటినీ ఆ లెక్కతో సరిచేస్తారు. కానీ ఆ కొలత ఒడ్డున ల్యాబ్‌లోనే.

ఈసారి ముక్కు లోపలికంటా దిగింది. కెమెరా దగ్గరగా ఉంది కాబట్టి గోడ మీది పురుగులు కనబడ్డాయి, వేలెడంత, ఎర్రటి కుచ్చులతో. ఒక పక్క కాగిపోయే నీరు, ఇంకో పక్క రెండు మూడు డిగ్రీల చల్లటి సముద్రం, మధ్యన జానెడు జాగాలో సంసారం. నేను పని ఆపి చూస్తూ ఉండిపోయాను. పైలట్ కూడా కాసేపు కెమెరా కదపలేదు.

ఏడు, ఎనిమిది రోజులు: తిరుగు ప్రయాణం

సీసాలు కడగడం, లేబుళ్లు రాయడం, నిద్ర. న్యూపోర్ట్ చేరేసరికి వంతెన మొత్తం కనబడింది.

రేవు దిగగానే నాన్నకి ఫోన్ చేశాను. మరగడం, విడిపోవడం అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపి, "అయితే నీ నీళ్లెన్ని డిగ్రీలు?" అన్నారు. లెక్కకట్టి చెప్పాను. వర్జిన్ ఒక డిగ్రీ. ఇన్‌ఫెర్నో నాలుగు.

"రుచి చూసినావా?"

చూడలేదు నాన్నా, చూడకూడదు, అందులో విషం ఉంటుంది అన్నాను. ఆయనకది కొంచెం వెలితిగా అనిపించినట్టుంది.

నాలుగు వారాల తర్వాత

మెగ్నీషియం అంకెలు వచ్చాయి. మొదటిసారి అనుమానపడ్డ సీసాలో సముద్రం నీరు బాగానే కలిసింది. రెండోసారి పట్టినదాంట్లో మెగ్నీషియం ఎంత తక్కువంటే, ఇంకో రెండుసార్లు కొలిచి చూశారు. గ్రాఫ్ మీద ఆ చుక్కలన్నిటినీ కలుపుతూ గీత గీస్తే అది సున్నా వైపుకే వెళ్లింది.

నాన్నకి చెప్పాను, మనం మడిలోంచి వదిలేసే చేదు నీళ్లు అక్కడ లేవని, రాయే తాగేస్తుందని.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు. "అన్నేళ్లుగా తాగుతున్నాది కదా, ఆ రాయి నిండిపోదా?"

నిండిపోతుంది, కానీ ఆ పర్వతశ్రేణి దగ్గర నేల ఏటా ఐదారు సెంటీమీటర్లు విచ్చుకుంటుంది, ఆ సందులో కొత్త రాయి పుడుతూనే ఉంటుంది అన్నాను.

"ఓహో. మనం ఏటేటా మడి కొత్తగా తొక్కినట్టు" అన్నారు నాన్న.